కూర్చునే ఉద్యోగం

సుబ్బరత్నానికి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే. కూర్చోవాలి.

కాశీకి వెళ్ళాలనీ, సొంత ఇల్లు కొనుక్కోవాలనీ అనుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఆబిడ్స్‌లో సదాశివ సేట్ గారి చీరల దుకాణంలో, కింది అంతస్తులో, ఫ్యాన్సీ చీరల కౌంటరు వెనకాల ఇరవై మూడేళ్ళుగా నిలబడి ఉంది. కౌంటరుకి అవతలి పక్క కొనేవాళ్ళ కోసం ఎర్ర రెగ్జిన్ కుట్టిన గుండ్రటి స్టూళ్ళుంటాయి. ఇవతలి పక్క ఏమీ ఉండదు. బేరాలున్నప్పుడు నిలబడి చూపించాలి, లేనప్పుడు నిలబడి మడతలు పెట్టాలి. ఇవతల ఒక స్టూలు వేస్తే దుకాణం కూలిపోతుందని ఎవరూ అనలేదు గాని, ఇన్నేళ్ళలో ఎవరూ వేసి చూడనూ లేదు.

పై అంతస్తులో పట్టు విభాగం సంగతి వేరు. అక్కడ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. కొనేవాళ్ళు చెప్పులు విడిచి వచ్చి కూర్చుంటారు. అమ్మేవాళ్ళూ వాళ్ళకి ఎదురుగా కాళ్ళు మడిచి కూర్చుని చీరలు విప్పి పరుస్తారు. పట్టుచీరని నిలబడి చూపించడం మర్యాద కాదట. ఫ్యాన్సీ చీరకి ఆ మర్యాద ఎందుకు లేదో అడగకూడదు. అక్కడ ఎప్పుడూ మగవాళ్ళే కూర్చున్నారు. అయితే ముప్పయ్యేళ్ళుగా ఆ పరుపు మీద ఉన్న ఇంద్రసేన ఆషాఢం చివర పని మానేస్తున్నాడని తెలిసిన రోజు, సదాశివ సేట్ కింది కౌంటరు దగ్గర ఆగి, "రత్నమ్మా, శ్రావణం నుంచి మీరు పైకి రాండ్రి. ఆడోళ్ళకు ఆడమనిషి చూపెడితెనే మంచిగుంటది" అన్నాడు.

ఆ సాయంత్రం స్టేషన్ రోడ్డు మీద నడిచి ఇంటికి వెళ్తుంటే సుబ్బరత్నానికి కాళ్ళు ఉన్నట్టే తెలియలేదు. ఇంటికెళ్ళి, రెండు పిక్కల మీదా తాళ్ళలా లేచిన నరాలకి కొబ్బరినూనె రాసుకుంటూ భర్తతో చెప్పింది. "శ్రావణం నుంచి నాది కూర్చునే ఉద్యోగమండీ."

భర్త కోదండరామయ్యదీ కూర్చునే ఉద్యోగమే. నాంపల్లి కోర్టుల దగ్గర, ప్రహరీ పక్కన, టైపు మిషను ముందు కూర్చుని అఫిడవిట్లు కొట్టేవాడు. ఇప్పుడు మిషను పోయి పాత కంప్యూటరు వచ్చింది, కళ్ళు మాత్రం సగం పోయాయి. ఆయన తండ్రి యాభై ఆరులో కొత్త రాష్ట్రంతో పాటు గుంటూరు నుంచి సచివాలయం గుమాస్తాగా వచ్చి, నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. డెబ్భై ఏళ్ళు కావస్తున్నా అది కిరాయిల్లే. తెనాలి నుంచి పెళ్ళయి వచ్చిన సుబ్బరత్నం ముప్పై మూడేళ్ళుగా ఆ రెండు గదుల్లోనే కాపురం చేస్తోంది.

ఆ కాపురం గురించి ఒక మాట చెప్పాలి. పెళ్ళయిన ఆరేళ్ళకీ పిల్లలు కలగకపోతే ఇద్దరూ దవాఖానకి వెళ్ళారు. లోపం కోదండరామయ్యలో ఉందని తేలింది. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఆయన ముఖం చూసి సుబ్బరత్నానికి జాలేసింది. గుమ్మంలో అత్తగారు "ఏమన్నారే?" అని అడిగితే, "నాలోనే ఉందన్నారత్తయ్యా" అంది. అంతే. ఆ ఒక్క మాటకి ఇరవై ఏళ్ళు మాటలు పడింది. నోములకీ సీమంతాలకీ ఆమెని వెనక వరసలో నిలబెట్టేవారు. అత్తగారు పోయేనాటికి కూడా ఆవిడకి నిజం తెలియదు. కోదండరామయ్య చెబుతాడేమోనని ఆమె చూసింది. ఆయన రోజూ పదిమంది నిజాలు టైపు చేశాడు గాని, ఆ ఒక్కటీ నోటి దాకా రాలేదు.

ఇంత చేసిన మనిషికి ఎప్పుడైనా ఎవరైనా "నువ్వు చేసింది గొప్ప పని" అని చెప్పాలి కదా. ఎవరూ చెప్పలేదు. చివరికి టీవీ చెప్పింది.

ఆ సీరియల్ పేరు "గడప దాటని గౌతమి". దుకాణంలో ఆడవాళ్ళందరూ మధ్యాహ్నం భోజనాల వేళ, సెల్లార్‌లో చీరల కట్టల మధ్య కూర్చుని, ముందురోజు రాత్రి వచ్చిన భాగాన్ని ఫోన్లో చూసేవారు. ఫోను రశ్మిది. అఫ్జల్‌గంజ్ పిల్ల, ఇరవై నాలుగేళ్ళుంటాయి, చేరి ఏడాదయింది, సుబ్బరత్నం పక్క కౌంటరే. ఫోనుని టిఫిన్ బాక్సుకి ఆనించి పెట్టేది. ఆ అరగంటే వాళ్ళకి రోజు మొత్తంలో కూర్చునే సమయం. గౌతమి ఆ అరగంటలో చెయ్యని నేరాలన్నీ ఒప్పుకునేది. ఆడపడుచు నగలు పోగొడితే తానే పోగొట్టానంది. మరిది కారుతో ఎవరినో గుద్దితే తానే నడిపానంది, ఆ పిల్లకి కారు నడపడం వచ్చో రాదో దేవుడికి తెలుసు. అందరూ ఛీ కొడుతుంటే తల వంచుకుని, కంటిచివర ఒక్క బొట్టు ఆపుకుని నిలబడేది. కెమెరా ముఖం మీదికి మూడుసార్లు దూసుకొచ్చేది. ఎన్ని నెలలకైనా నిజం బయటపడేది, ఛీ కొట్టినవాళ్ళే వచ్చి కాళ్ళ మీద పడేవాళ్ళు. ఆ తర్వాత గౌతమి ఇంకో నేరం ఒప్పుకునేది.

సుబ్బరత్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి చూసేది. మంచితనమంటే ఇదేనని ఆమెకి ఎప్పటినుంచో తెలుసు. నోరు మూసుకుని మొయ్యాలి, నిజం దానంతటదే బయటికొస్తుంది, కాస్త ఆలస్యమవుతుంది. ఆ గౌతమిని రాసినవాళ్ళకి ఎన్నడైనా కాళ్ళు నొప్పెట్టాయో లేదో గాని, సుబ్బరత్నానికి మాత్రం ఆ పిల్లని చూస్తే తోడబుట్టినదాన్ని చూసినట్టుండేది.

ఆషాఢం తగ్గింపు అమ్మకాలు ముగుస్తున్న వారంలో అది జరిగింది. ఒక పెళ్ళివారు ఉల్లిపొర రంగు పట్టుచీర కొని, ఫాలూ కుచ్చులూ కుట్టించమని దుకాణంలోనే వదిలి వెళ్ళారు. కుట్టు పూర్తయి వచ్చిన చీరని, వాళ్ళొచ్చి తీసుకువెళ్ళడానికి కింది కౌంటరులోనే ఉంచారు. పొద్దున షట్టరు ఎత్తి బేరాలు మొదలవక ముందు రశ్మి దాన్ని ఒంటికి చుట్టుకుని, పెద్ద అద్దం ముందు నిలబడి ఫోన్లో వీడియో తీసుకుంది. కొంగు తల మీదికి లాక్కుంటుంటే పెదాల రంగు అంటుకుంది. కంగారులో జేబురుమాలు తడిపి తుడిచింది. పట్టు మీద తడి ఊరుకుంటుందా? అరచేతంత మరక, జరీ అంచు దాకా పాకింది.

సుబ్బరత్నం వచ్చేసరికి రశ్మి ఆ మరకని లోపలి మడతలోకి తిప్పి పెడుతోంది. "అక్కా, నన్ను తీసేస్తరక్కా. మా ఇల్లు నా జీతం మీదనే నడుస్తున్నది. ఎవలకు చెప్పకు, నీ కాళ్ళు మొక్కుత" అంది. చెప్పనని సుబ్బరత్నం అంది. అక్కడితో ఆగినా సరిపోయేది.

మధ్యాహ్నం పెళ్ళికూతురూ వాళ్ళమ్మా వచ్చారు. చీర విప్పగానే వాళ్ళమ్మ కేక వేసింది. దుకాణమంతా ఇటు తిరిగింది. కింది అంతస్తు సూపర్‌వైజర్ రామచందర్ పరుగెత్తుకొచ్చి, చీర ఎత్తి పట్టుకుని, "ఎవలు కట్టిన్రు దీన్ని? ఎవలు ముట్టిన్రు? చెప్పుండ్రి!" అని అరిచాడు. రశ్మి ముఖం తెల్లగా పాలిపోయింది.

భోజనాల వేళ చూసిన భాగం సుబ్బరత్నానికి కళ్ళ ముందే ఉంది. అందులోనూ ఇలాగే నిండు సభ, ఇలాగే ఒకడు అరుస్తున్నాడు, గౌతమి ఒక్క అడుగు ముందుకు వేసింది. సుబ్బరత్నం కూడా ఒక్క అడుగు ముందుకు వేసింది.

"నేనేనండి. వేరేవాళ్ళు ఇలాంటిదే కావాలంటే ఇదే కట్టి చూపించాను. చెయ్యి తడిగా ఉంది, చూసుకోలేదు."

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమెకి భయం వెయ్యలేదు. హాయిగా అనిపించింది. తల వంచుకుని నిలబడితే తన ముఖం మీదికి కూడా ఏదో మూడుసార్లు దూసుకొచ్చినట్టయింది. పట్టు విభాగం సంగతి అప్పుడు గుర్తుకే రాలేదు.

సేట్ కిందికి దిగి వచ్చి, పెళ్ళివారికి క్షమాపణ చెప్పి, కొత్త చీర ఇప్పించి పంపాడు. తర్వాత సుబ్బరత్నం వైపు తిరిగాడు. "మీ అసొంటోళ్ళు గిట్ల జేస్తరనుకోలే రత్నమ్మా. ఇగ పట్టు మీద మిమ్మల్ని ఎట్ల కూసోపెట్టాలె, చెప్పుండ్రి?" అన్నాడు. పనిలోంచి తియ్యలేదు, అదే పదివేలన్నాడు రామచందర్.

శ్రావణం మొదలైన రోజు పై అంతస్తులో, ఇంద్రసేన కూర్చున్న చోట, రశ్మి కూర్చుంది. ఫోన్లో లైవు పెట్టి ఊరవతలి వాళ్ళకి చీరలు చూపించడం ఆ పిల్లకి బాగా వచ్చట.

సుబ్బరత్నం ఇంట్లో ఈ సంగతి వారం తర్వాత చెప్పింది. కోదండరామయ్య ఆదివారం పేపరు ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నవాడు పేపరు దించాడు.

"చెయ్యనిదాన్ని చేశానని ఎందుకన్నావు?"

"నిజం తెలియకుండా ఉంటుందా? ఆ పిల్లే చెబుతుంది. కాస్త కుదుటపడనివ్వండి."

"నోటితో చెప్పందాన్ని టైపు చేసేవాడెవడు రత్నం? కోర్టులో రోజూ చూస్తాను. ఒప్పుకున్నదే ఉంటుంది కాగితంలో."

ఆమె ఆయన వైపు చూసింది. ఆ చూపులో ఏముందో ఆయనకి అర్థమైంది. గోడ మీద తల్లి ఫోటో వైపు చూడబోయి మానేసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. పేపరు వెనకనుంచే, "నేనూ చెప్పలేదుగా" అన్నాడు. ఆ మాట వినడానికి ఇరవై ఏడేళ్ళు పట్టింది. విన్నాక ఎంతో తేలికపడుతుందని ఆమె అనుకునేది గాని, అలసటగా ఉంది, అంతే. లేచి వెళ్ళి బియ్యం కడిగింది.

వరలక్ష్మీ వ్రతం ముందు వారం కౌంటరు దగ్గర ఊపిరి సలపలేదు. నాంపల్లి మెట్రో దిగి వచ్చేవాళ్ళు, లక్డీకాపూల్ ఆఫీసుల నుంచి భోజనం మానుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. అందరికీ గౌతమి చీరే కావాలి. వ్రతం భాగంలో గౌతమి కట్టిన ఆకుపచ్చ చీర, మామిడిపిందె అంచుది. సుబ్బరత్నం రోజుకి యాభైసార్లు ఆ కొంగు భుజాన వేసుకుని చూపించింది. సాయంత్రానికి చీలమండలు చెప్పుల్లో పట్టేవి కావు. దవాఖానలో డాక్టరమ్మ పిక్కలు నొక్కి చూసి, "అమ్మా, మీరు నిలబడకూడదు" అంది. మరేం చెయ్యాలని అడిగితే కూర్చోమంది. సుబ్బరత్నానికి నవ్వొచ్చింది.

అయినా ఎదురుచూసింది. ఆమె లెక్కలో ఇది సగం దాకా వచ్చిన కథ. రశ్మి రోజూ భోజనానికి కిందికి వచ్చేది, ఫోను టిఫిన్ బాక్సుకి ఆనించేది, తన గిన్నెలోంచి పప్పు కూడా వేసేది. మంచి పిల్లే. ఒకరోజు "అక్కా" అని పిలిచి ఆగింది. సుబ్బరత్నం ఎత్తిన ముద్ద గిన్నెలో పెట్టేసింది. "పచ్చడున్నదా?" అంది రశ్మి.

భాద్రపదంలో, వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన మర్నాడు, ఆ భాగం వచ్చింది. ఆడపడుచు నిండు సభలో గౌతమి కాళ్ళ మీద పడి, "నేనే వదినా, తప్పంతా నాదే. నువ్వు మోశావు" అని ఏడ్చింది. సెల్లార్‌లో ఎవరూ అన్నం తినలేదు. రశ్మి వెక్కివెక్కి ఏడ్చింది, చున్నీతో ముక్కు తుడుచుకుంది. సుబ్బరత్నం ఫోను చూడటం మానేసి రశ్మినే చూస్తోంది. ఇదే సమయం అనుకుంది. ఏడుస్తూ చెబితే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకుంది, ఊరుకో తల్లీ, అయిందేదో అయింది అని.

"ఎంత మంచిదక్కా గౌతమి!" అంది రశ్మి. "గట్లాంటోళ్ళు ఇప్పుడు యాడున్నరు చెప్పు?" ఫోను జేబులో పెట్టుకుని, చెయ్యి చాచింది. "జర లేపక్కా. పొద్దంత గా పరుపు మీద కూసుండి కూసుండి నడుం బట్టేసింది."

సుబ్బరత్నం చెయ్యి ఇచ్చి లేపింది. తర్వాత తన గిన్నె కడుక్కుని, మెట్లెక్కింది. సెల్లార్ నుంచి రెండో అంతస్తు దాకా, మధ్యలో రెండుసార్లు ఆగి, సేట్ గది తలుపు తోసింది.

సదాశివ సేట్ టీ తాగుతున్నాడు. ఎదురుగా గోడకి పెద్ద తెర, అందులో దుకాణమంతా చిన్నచిన్న గళ్ళుగా కనబడుతోంది. ఆ తెరని ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ దగ్గరగా చూడలేదు.

"సేట్ గారూ, ఆ పట్టుచీర నేను పాడు చెయ్యలేదు" అంది. గొంతులో గౌతమి లేదు. మెట్లెక్కిన ఆయాసం మాత్రం ఉంది.

"నాకు తెల్సు గదమ్మా" అన్నాడు సేట్.

ఆమెకి అర్థం కాలేదు.

"గా రోజే చూసిన. కెమెరాల మొత్తం ఉన్నది. గా పిల్ల చీర చుట్టుకునుడు, తుడుసుడు, మీరు తర్వాత వచ్చుడు. మీరే మీద ఏసుకుంటిరి, నేనేమంటా? పిల్లను తీసేస్తే ఫోన్ల మీద చీరలు అమ్మేటోళ్ళెవరు? గిరాకి మొత్తం గా ఫోన్లనే ఉన్నది ఇప్పుడు." టీ పక్కన పెట్టి, మెత్తగా నవ్వాడు. నిజంగానే మెత్తగా, గౌరవంగా. "ఇంటికి గూడ పట్కపోయి చూపెట్టిన రత్నమ్మా, మా ఆమెకు. మీరు ముందటికొచ్చి నేనేనన్నది చూసి ఏడ్చింది. మన దుకాణంల గౌతమి ఉన్నదంటె ఇదే గదా అన్నది. మీ గురించి ఇంట్ల ఎప్పుడు మంచిగనే మాట్లాడుకుంటం."

సుబ్బరత్నం తెర వైపు చూసింది. ఒక గడిలో కింది ఫ్యాన్సీ కౌంటరు, ఎవరూ లేకుండా ఖాళీగా ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ చూడటం లేదు, చూస్తే చాలనుకుంది. చూశారు. ఏడ్చారు కూడా. ఏడ్చి, టీ తాగి, పడుకున్నారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అత్తగారు పోయినప్పుడు కూడా రాని కోపం, ఎక్కడ దాక్కుందో, ఆ మెత్తటి నవ్వుకి ఒక్కసారిగా వచ్చింది.

"నా కాళ్ళు నొప్పెడుతున్నాయండి" అంది.

"ఔనమ్మా, పాపం. ఏజు గదా" అన్నాడు సేట్.

ఆమె కిందికి దిగింది. కౌంటరు దాటి అవతలి పక్కకి వెళ్ళి, ఎర్ర స్టూలు ఒకటి ఎత్తుకుని, ఇవతలికి తెచ్చి, అరల ముందు వేసుకుని కూర్చుంది. కూర్చుంటే కౌంటరు ఛాతీ దాకా వచ్చింది. చీరలు అందుకోవడానికి కాస్త వంగాలి, అంతే. రెండు మోకాళ్ళూ కళ్ళు మూసుకున్నట్టయ్యాయి.

రామచందర్ దూరం నుంచే చూసి పరుగున వచ్చాడు. "ఏందక్కా గిది? గాడ కూసున్నవేంది? లే, లే. సేట్ చూస్తున్నడు!" అని పైన మూలనున్న కెమెరా వైపు కళ్ళతో చూపించాడు.

"చూడనీ రామచందర్. వాళ్ళావిడకి కూడా చూపించమను."

"పనిలకెల్లి తీసేస్తరక్కా, చెప్తున్న."

"తీసేస్తే ఇంటికెళ్ళి కూర్చుంటాను. ఆ చీర ఎవరు పాడు చేశారో ఇప్పుడు పైకెళ్ళి సేట్‌నే అడుగు. ఎవరు అడిగినా ఇకమీదట నేనూ చెబుతాను."

రామచందర్ కెమెరా వైపు చూసి, ఆమె వైపు చూసి, పక్కకి జరిగాడు. అంతలో తల్లీ కూతుళ్ళు ఇద్దరు లోపలికి వచ్చారు. తల్లి కౌంటరు దగ్గరికి వచ్చి, కూర్చుని ఉన్న సుబ్బరత్నాన్ని చూసి కొంచెం తడబడి, "గౌతమి చీరలున్నయా అమ్మా?" అని అడిగింది.

"ఉన్నాయి. రండి, మీరూ కూర్చోండి" అంది సుబ్బరత్నం, లేవకుండానే.